పంకజాక్షి కన్ను

పంకజాక్షికి ఆ పేరు పెట్టినవాళ్ళు ఆ కళ్ళను చూసే పెట్టి ఉంటారు. పెద్ద పెద్ద కళ్ళు, ఒత్తయిన రెప్పలు. నలభై అయిదేళ్ళు వచ్చాక ఆ కళ్ళ మీదే నింద పడుతుందని పాపం వాళ్ళు అనుకుని ఉండరు.

చిత్తూరు మిట్టూరులో పంకజాక్షి వాళ్ళ మిద్దెకు మా ఇల్లు ఎదురు. వరండాలో మిషన్ వేసుకుని రవికలు కుట్టడం నా పని. మిషన్ ముందు కూర్చుంటే వాళ్ళ గేటు, మెట్లు, మిద్దె మీది పిట్టగోడ అన్నీ నా ఎదురుగానే ఉంటాయి. చూడాలని చూడను. అలాగని కళ్ళు మూసుకుని కుట్టమంటే నాకు చేతకాదు. కింద పెద్దకోడలు పంకజాక్షి ఉంటుంది, పైన చిన్నకోడలు మోహన. అత్త అక్కమ్మ కింద పడుకుంటుంది, పైన కాఫీ తాగుతుంది, కింది మాటలు పైకీ పైమాటలు కిందికీ మోస్తుంది. అన్నదమ్ములిద్దరూ మామిడి మండీలో పని చేస్తారు. సీజన్‌లో వాళ్ళు ఇంటికి వచ్చేది పడుకోవడానికే కాబట్టి ఈ కథలో వాళ్ళకు పని లేదు.

పంకజాక్షికి మోహనంటే కుళ్ళు. ఇంతకంటే మర్యాదైన మాట వెతకడం దండగ. ఆమె కూడా దాచుకునే మనిషి కాదు. మోహన కొత్త చీర కట్టుకుని గేటు దాటితే చాలు, నా దగ్గరికి వచ్చి, "ఆ రంగు ఆమెకు బాగలేదు కదా పోలేరక్కా?" అని నా చేత అవుననిపించేదాకా వదలదు. నేను అవునంటాను. మోహన వచ్చి బాగుందా అని అడిగితే ఆమెకూ అవుననే అంటాను. ఎదురింట్లో బతకాలి కదా.

అసలు కుళ్ళు చీరల దగ్గర లేదు. మోహనకు కూతురుంది, లోహిత. పంకజాక్షికి ఒక్కడే కొడుకు, బెంగళూరులో ఉద్యోగం. ఫోన్ చేస్తే "సెప్పుమా" అంటాడు, కాసేపటికి "సరేమా" అంటాడు, ఆ రెండింటికీ మధ్య ఏమీ ఉండదు. లోహిత మాత్రం పుట్టినప్పటి నుంచి పెద్దమ్మ చంకలోనే పెరిగింది. పూలజడ కుట్టడంలో మా వీధి మొత్తానికి పంకజాక్షి చేతిని మించిన చెయ్యి లేదు. అరటిపట్ట మీద మల్లెమొగ్గలు వరసగా కుట్టి, నడుమ కనకాంబరాలు పొదిగి, చివర కుచ్చు కట్టిందంటే విప్పడానికి మనసు రాదు. ఎవరి పిల్లకు ఓణీలిచ్చినా జడ ఆమెదే. లోహిత ఉయ్యాల్లో ఉన్నప్పుడే, "దీనికి జడ నేనే కుట్టేది, పూలూ నా సెట్టువే" అని వీధంతా చాటింది. ఆ ఓణీల ఫంక్షన్ ఈ ఏడు మే నెలాఖరుకు పెట్టుకున్నారు.

చిక్కు పూల దగ్గర వచ్చింది. పంకజాక్షి కనకాంబరాలు, మల్లెచెట్టు కింది వాకిట్లో ప్రహరీగోడ పక్కన నేలలో ఉన్నాయి. గోడ నీడకు అవి ఓ పూట పూస్తే ఓ పూట అలుగుతాయి. మోహన కరోనా రోజుల్లో కాలక్షేపానికని పాత రంగుడబ్బాల్లో మన్ను పోసి మిద్దె మీద నాలుగు కనకాంబరం కొమ్మలు నాటింది. ఎండ పుష్కలం. ఏటేటా అవి విరగబూశాయి. మొదట అక్కమ్మ దేవుడి పటాలకు పైపూలు తెచ్చింది. తర్వాత శుక్రవారం శుక్రవారం పైపూలే. చివరికి కిందిచెట్టు కనకాంబరం చేతిలోకి తీసుకుని, "ఇది రవంత సిన్నదిగా లేదూ?" అని తిరిగి కోడలి చేతిలోనే పెట్టింది. ఆ పూట పంకజాక్షి మా వరండాలో కూర్చుని, అత్త చిన్నబుచ్చినందుకు కాదు, అప్పుడు మెట్ల మీద మోహన నవ్వినందుకు ఏడ్చింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున బట్టలారేసే నెపంతో పైకెక్కి, మోహన చెట్లను ఒక్కొక్కటే చూసి రావడం ఆమెకు అలవాటైంది. ఏ కొమ్మకు మొగ్గ వేసింది, ఏది విచ్చింది అన్నీ ఆమెకు నోటికి వచ్చు. పెంచిన మోహనకు కూడా అంత లెక్క తెలియదు. అలా చూసినవాళ్ళను జనం ఏమంటారో నేను వేరే చెప్పాలా?

మార్చి ముదిరేసరికి మోహన కనకాంబరాల ఆకులు పాలిపోయాయి. మీద సన్నటి బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఆ చుక్కలు కలిసి పసుపై, ఆకు కంచు రంగుకు తిరిగి రాలిపోయింది. మొగ్గలు విచ్చకుండానే మాడాయి. మోహన మందుల అంగట్లో ఏదో పురుగుమందు అడిగి తెచ్చి కొట్టింది. పురుగేదో వాళ్ళకీ తెలియదు, ఈమెకీ తెలియదు. చెట్లు ఇంకా చెడ్డాయి.

అక్కమ్మ పైకి వెళ్ళి చూసి, కిందికి వచ్చి, నడింట్లో నిలబడి తీర్పు చెప్పింది. "మందులకు పొయ్యేది కాదు ఇది. నరుడి కన్ను పడితే నల్లరాయే పగల్తాది, పూలసెట్టెంత."

"నన్నేనా అత్తా అంటాండేది?" అంది పంకజాక్షి వంటింట్లోంచి.

"నీ పేరు నేనెత్తినానా?" అంది అక్కమ్మ.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. సాయంత్రానికి వీధి కొళాయి దగ్గర ఆ మాటే.

మర్నాడు మోహన పిట్టగోడ మీద దిష్టిబొమ్మ కట్టింది. నాలుక బయటపెట్టిన ఆ బొమ్మను వీధి వైపు కాకుండా ఇంటి మెట్ల వైపు తిప్పి కట్టింది. ఆ మెట్లు ఎక్కేది ఇంట్లోవాళ్ళే. అంతటితో ఊరుకోలేదు. చెట్లన్నీ ఒక మూలకు చేర్చి, చుట్టూ పాతచీరలు కట్టి, పైన టార్పాలిన్ పట్ట కప్పి, ఎవరి కన్నూ పడకుండా దాచేసింది. మిద్దె తలుపుకు తాళం వేసింది. మునిసిపాలిటీ నీళ్ళు అంతంత మాత్రమాయె, చెట్టు మొదట్లో ఒక చెంబు పోసి పట్ట మళ్ళీ మూసేసేది. ఏప్రిల్ ఎండలు. ఆ గుడారం లోపల గాలి లేదు, ఉడుకు. చెట్లు దాచేకొద్దీ చావడం మొదలుపెట్టాయి. చచ్చేకొద్దీ, "సూడు, ఎంత గట్టి కన్నో" అని మరో చీర కట్టింది.

ఆ వారమే లోహిత రవిక కొలతలకు మోహన మా ఇంటికి వచ్చింది. పిల్ల చేతులు చాపి నిలబడింది, నేను టేపు పట్టుకున్నాను.

"జడ తిరపతిలో సెప్పేసినాము పోలేరక్కా. మేకప్ చేసే అమ్మాయే తెస్తాది, అంతా రెడీమేడు" అంది మోహన.

"పెద్దమ్మ కుడతాది కదామా?" అంది లోహిత.

"నువ్వు సేతులు దించబాకు" అంది మోహన.

ఈ సంగతి పంకజాక్షికి నేను చెప్పలేదు. అక్కమ్మ ఉండగా నేను చెప్పే పనేముంది? పంకజాక్షి వచ్చి మా వరండా మెట్టు మీద చతికిలబడింది. ముఖం మాడిపోయి ఉంది.

"నాకు కుళ్ళేక్కా. యాడ దాసిపెట్టేది? ఆ పూలు సూస్తే కడుపు మండుతాది. ఆ పిల్ల ఆమెను అమ్మా అని పిలిస్తే ఇంకా మండుతాది. కానీ నా కడుపుమంటకు ఆకు మాడుతాదా? నువ్వు సెప్పు."

నేనేం చెప్పను? దిష్టి లేదనే ధైర్యం నాకూ లేదు.

అప్పుడా మనిషి చేసిన పని వింటే మీరు నవ్వుతారు. తన కన్నుకు తనే పరీక్ష పెట్టుకుంది. దేని మీద? మా వరండాలో ఉన్న గులాబీ మీద! రోజూ వచ్చి దాని ముందు కూర్చోవడం, కళ్ళార్పకుండా చూడడం, "అబ్బా, ఏం పూసినావే, నా ఇంట్లో ఉండరాదా" అని కావాలని అసూయ తెచ్చుకోవడం. నాకు ఒళ్ళు మండింది.

"ఏం మే, నీ పరీక్షకు నా సెట్టే దొరికిందా?" అన్నాను.

"నీది కాకపోతే ఎవురిది సూసేది? వేరేవాళ్ళు తంతారు" అంది.

నా గులాబీ మాడలేదు సరికదా ఇంకో రెమ్మ వేసింది. పంకజాక్షి దాన్ని చూసి సంబరపడి, మరుక్షణం నీరసపడింది. "ఒక సెట్టు మాడలేదంటే ఎవురు నమ్ముతారులే" అని వెళ్ళిపోయింది.

దారి దొరికింది మాత్రం ఒక ఎండుటాకు వల్ల. పైన చీరల సందులోంచి ఎగిరి ఆమె వాకిట్లో పడింది. ఊడ్చబోతూ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఆకు కింది పక్క సన్నటి బూజు అల్లుకుని ఉంది. సాలీడు గూడు అంత పెద్దది కాదు, వెలుతురుకు పట్టి చూస్తేనే తెలిసేంత. ఆ బూజులో ఎర్రటి నలకలు. అనుమానం వచ్చి తన చెట్లను చూసుకుంటే, మెట్ల పక్కనున్న కొమ్మకు అవే చుక్కలు అప్పుడే మొదలవుతున్నాయి. రెండూ ఫోటో తీసి పూతలపట్టులో పూలతోట పెట్టుకున్న తమ్ముడు మునివెంకటప్పకు పంపింది. అతను వెంటనే ఫోన్ చేశాడు. వాకిట్లో స్పీకర్ పెట్టి మాట్లాడింది, మాట మా వరండాలోకి వినపడింది.

"ఎర్రనల్లి అక్కా అది. ఎండాకాలం, గాలి ఆడని సోట బాగా పెరుగుతాది. ఆకు కింద కూసోని రసం పీలుస్తాది. బాగా ముదిరిన కొమ్మలు కత్తిరించి కవర్లో మూట కట్టి పారెయ్, వాకిట్లో ఎయ్యబాకు. మిగిలినదానికి పైపు పెట్టి ఆకు కింది పక్క జోరుగా నీళ్ళు కొట్టు. సాయంత్రం పూట వేపనూనె, రవంత సబ్బునీళ్ళు కలిపి కింద తడిసేటట్టు కొట్టు. ఒకసారితో పోదు. గుడ్లు పగిలి మళ్ళీ వస్తాయి, మళ్ళీ మళ్ళీ కొట్టాల. ఊరికే పురుగుమందు మాత్రం కొట్టబాకు. నల్లిని తినే మంచి పురుగులు సచ్చి, ఇది ఇంకా జాస్తి అవుతాది."

మంచి మనిషైతే ఆ క్షణమే మెట్లెక్కి తోడికోడలికి చెప్పేది. పంకజాక్షి చెప్పలేదు. తన చెట్లు తాను కడుక్కుంది, కొమ్మలు కత్తిరించింది, వేపనూనె కొట్టింది. పైన చెట్లు మాడుతుంటే కింద చెట్లు నిగనిగలాడాయి. ఎన్నేళ్ళకో అక్కమ్మ కిందిచెట్టు దగ్గరకు వచ్చి, "నాలుగు పూలు ఇయ్యి, పటాలకు" అని అడిగింది. పంకజాక్షి నడకే మారిపోయింది. కొప్పులో పూలు పెట్టుకుని, పని లేకపోయినా మోహనకు కనబడేలా వాకిట్లో తిరిగింది.

ఆ సుఖం ఎక్కువ రోజులు నిలవలేదు. కొళాయి దగ్గర మాట మారింది. "పైవి మాడె, కిందివి పూసె. సూడండి, ఆ సెట్ల పచ్చదనమంతా ఈమె కన్ను పీల్చుకోనింది" అన్నారు. తన చెట్టు ఎంత పూస్తే తన నేరం అంత రుజువు అవుతోంది. ఒక సాయంత్రం లోహిత గేటు దగ్గర నిలబడితే పంకజాక్షి పిలిచి జడలో పూలు పెట్టబోయింది. పై నుంచి మోహన కేక వేసింది, "లోహితా, ఆ పూలు వద్దు, పైకి రా" అని. పిల్ల తల వంచుకుని వెళ్ళింది. పూలు పంకజాక్షి చేతిలోనే ఉండిపోయాయి.

మర్నాడు ఉదయం ఆమె గోడ క్యాలెండర్లోంచి ఒక నెల చింపి, దాని వెనక తెల్లపక్క పైకి పెట్టి పట్టుకుని మెట్లెక్కింది. సాక్షిగా నన్నూ లాక్కుపోయింది. కుట్టే రవిక వదిలేసి వెళ్ళానంటే నా ఆత్రం మీకు తెలిసిపోయి ఉంటుంది.

"మిద్దె తలుపు తియ్ మోహనా. నీ సెట్లకు పట్టింది నల్లి" అంది పంకజాక్షి.

మోహన ముఖం ఎర్రబడింది. "నల్లులా? మా ఇంట్లోనా? ఏంది అక్కా, కన్ను సాలక ఇప్పుడు మా మంచాల మీద పడినావా? ఫంక్షన్ పెట్టుకోని సుట్టాలు వచ్చే ఇంట్లో నల్లులుండాయని వీధిలో సెప్పేదానికేనా ఈమెను పిలుచుకోని వచ్చింది?"

"మంచం నల్లి కాదు మే! సెట్టు నల్లి!"

"సెట్టుకు నల్లి యాడైనా ఉంటాదా?"

అరుపులకు అక్కమ్మ, లోహిత కూడా వచ్చారు. లోహితే తాళం తీసింది. పంకజాక్షి ఒక చీర పక్కకు లాగి, కనకాంబరం కొమ్మ కింద కాగితం పెట్టి, ఆకును రెండు తట్లు తట్టింది. కాగితం మీద మిరియాల పొడి రాలినట్టు నలకలు పడ్డాయి.

"దుమ్ము" అంది మోహన.

"ఉండు" అంది పంకజాక్షి.

అందరం కాగితం మీదికి వంగాము. కాసేపటికి దుమ్ము కదిలింది. ఒక నలక అటు, ఒక నలక ఇటు, తాపీగా నడక మొదలుపెట్టాయి. పంకజాక్షి వేలితో ఒకదాన్ని రుద్దితే కాగితం మీద ఎర్రటి గీత పడింది.

"దిష్టికి కాళ్ళుంటాయా మోహనా? సూడు, నడస్తా ఉండాది. అత్తా, నువ్వు కూడా సూడు. అద్దాలు పెట్టుకోని సూడు." కాగితం అత్త ముఖం ముందుకు జరిపింది. "నా కన్ను పెద్దదే. నాకు కుళ్ళూ ఉండాది. కానీ నా కంట్లోంచి ఈ పురుగులు రాలేదు."

అక్కమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. చివరికి మోహన, "నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"తెలిసి శానా రోజులైంది."

"ముందే ఎందుకు సెప్పలేదు?"

"నీవి మాడాలనే సెప్పలేదు. నువ్వు బొమ్మను నా పక్కకు ఎందుకు తిప్పినావు?"

పంకజాక్షి చీరలన్నీ పీకి పారేసింది, టార్పాలిన్ లాగేసింది. ట్యాంకుకు పైపు తగిలించి, "ఒక్కో ఆకు తిప్పి పట్టుకో" అంది. మోహన పట్టుకుంది. లాభం లేని చెట్లు పీకి మూట కట్టారు. తర్వాత రోజూ పొద్దున ఆకుల అడుగులు కడగడం, నాలుగైదు రోజులకోసారి చల్లబడ్డాక వేపనూనె కొట్టడం. నేనూ ఇంటికి వచ్చి మొదట చేసిన పని నా గులాబీ ఆకులు తిప్పి చూసుకోవడమే. అక్కమ్మ మాత్రం కొళాయి దగ్గర, "నేను ముందే అనుకున్నా, అది పురుగే అని" అంది.

మే మధ్యకు మిగిలిన చెట్లు లేత చిగురు వేశాయి. ఆ ఆకుల మీద చుక్క లేదు. ఇద్దరూ కలిసి పని చేశారు కాబట్టి కలిసిపోయారని మీరు అనుకుంటే మీకు తోడికోడళ్ళు తెలియనట్టే. పంకజాక్షి జడ మాట ఎత్తదు, మోహన అడగదు. ఎత్తితే లోకువని ఈమెకు, అడిగితే ఓడినట్టని ఆమెకు. ఫంక్షన్ వారంలో పడ్డాక మోహన కిందికి దిగి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "తిరపతి వాళ్ళకు వద్దని సెప్పేసినా. పిల్ల అన్నం తినేదిల్లే అంటాండాది" అంది.

"పిల్ల కోసం అయితే కుడతా" అంది పంకజాక్షి.

జడకు పైపూలు కొన్ని, కిందిపూలు కొన్ని. ఏవి పైవరసలో కనబడాలి అని మళ్ళీ ఒక పూట పోరు. అయినా జడ కుట్టింది చూడండి, మిషన్ మీద కుట్టినా అంత తీరుగా రాదు. లోహిత తన ముందు వీపు తిప్పి కూర్చుంటే ఆ వీపు మీద జడ దించుతూ పంకజాక్షి ఆ పిల్లను చూసిన చూపు నాకు తెలుసు. అలా చూసుకోవడానికి తనకంటూ ఒక ఆడపిల్ల లేదనే దిగులు అది.

ఓణీలిచ్చి, అక్షింతలు వేసి, భోజనాలయ్యాక దిష్టి తీయాలి. అక్కమ్మకు మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయింది. "పెద్దదానివి, నువ్వు తియ్" అని పంకజాక్షికి చెప్పింది. కొళాయి దగ్గర మాట్లాడిన ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఒకరినొకరు చూసుకున్నారు. పంకజాక్షి గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకుని లోహిత చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది.

"ఊరి దిష్టి."

"థూ" అంది లోహిత, గుప్పిటి వైపు ఉమ్మినట్టు చేసి.

"వాడ దిష్టి."

"థూ."

"వచ్చినోళ్ళ దిష్టి, పోయినోళ్ళ దిష్టి."

"థూ."

"తల్లి దిష్టి."

"థూ!" అంది లోహిత గట్టిగా. అందరూ నవ్వారు, మోహన కూడా నవ్వింది.

మామూలుగా అక్కడితో అయిపోతుంది. పంకజాక్షి చెయ్యి ఆగలేదు. మరో చుట్టు తిప్పింది. అందరికీ వినబడేలా, "పెద్దమ్మ దిష్టి" అంది.

నవ్వు ఆగిపోయింది. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి. "ఉమ్మేయ్ తల్లీ" అంది. లోహిత పెదాలు బిగించి, తల అడ్డంగా ఊపింది.

"ఉమ్మేయమ్మా. ఇది అన్నిటికన్నా గట్టిది."

"అది ఉండనీలే పెద్దమ్మా" అంది లోహిత.

పంకజాక్షి గుప్పిట అలాగే పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మిరపకాయల ఘాటుకు ఇల్లంతా దగ్గుతుంటే ఆమె అక్కడే, గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడింది.

చుట్టాలు వెళ్ళాక, సాయంత్రం మోహన మా వరండాకు వచ్చింది. పట్టుచీర కూడా మార్చుకోలేదు. పంకజాక్షి కూర్చునే మెట్టు మీదే కూర్చుంది.

"సూసినావా పోలేరక్కా? ఆమెది ఉండనీ అంట. నాదయితే థూ అనింది, ఎంత గట్టిగా అనింది. కన్నదాన్ని నేను." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా కన్ను ఏం పాపం సేసిందక్కా?"